సీటు గాలి, స్క్రీన్ అప్‌డేట్: సీమ ఎండల్లో కారు కొనేవాళ్లు ఏది ఎంచుకోవాలి?

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం మా బావ ఫోన్ చేశాడు. ఓర్వకల్లు దాటి నంద్యాల వైపు పోతూ రోడ్డు పక్కన వేపచెట్టు కింద బండి ఆపుకొని ఉన్నాడు. "బామ్మర్దీ, స్క్రీన్ నల్లగా అయిపోయింది. ఏసీ వస్తోంది గానీ సీటు గాలి ఆగిపోయింది. బటన్ ఎక్కడుందో ఎంత వెతికినా కనబడలేదు" అన్నాడు. ఆ కారు ఆయన స్నేహితుడిది. తాను కొనాలనుకుంటున్న మోడలే, టాప్ వేరియంట్. ఒక రోజు నడిపి చూద్దామని తెచ్చుకున్నాడు. ఆ కారులో సీటు గాలికి బటనే లేదు. స్క్రీన్ లోపల రెండు మెనూలు దాటితే గానీ ఆ గుర్తు కనబడదు.

"స్క్రీన్ కింద పవర్ గుర్తు ఉన్న బటన్‌ను పది పదిహేను సెకన్లు వదలకుండా నొక్కిపట్టు బావా" అన్నాను. నొక్కాడు. కంపెనీ గుర్తు వచ్చింది, కాసేపటికి స్క్రీన్ మళ్లీ వెలిగింది, సీటు గాలి కూడా వచ్చింది. ఆయన నంద్యాల చేరాడు. కానీ ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఒకటే చర్చ. పెద్ద స్క్రీన్ ఉండి అన్నీ దాని లోపలే ఉన్న టాప్ వేరియంట్ తీసుకోవాలా, చిన్న స్క్రీన్ ఉండి సీటుకు విడిగా బటన్లున్న మధ్య వేరియంట్ తీసుకోవాలా అని. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఈ ఏడాది కారు కొనేవాళ్లు చాలామంది ఇదే ప్రశ్న దగ్గర ఆగుతున్నారు. అందుకే నాకు తెలిసినంతా ఇక్కడ రాస్తున్నాను.

మూడు రకాల సీట్లు, మూడు పనులు

షోరూమ్‌లో "కూల్డ్ సీట్లు సార్" అని చెప్తారు. మన బడ్జెట్ కార్లలో దాదాపు అన్నిటిలో ఉండేది నిజానికి వెంటిలేటెడ్ సీటు. అంటే సీటు లోపల చిన్న ఫ్యాన్లు, పైన సన్నటి రంధ్రాలున్న లెదరెట్, అంటే తోలులా కనబడే కృత్రిమ పొర. ఆ ఫ్యాన్లు కారు లోపలి గాలినే ఒంటికీ సీటుకీ మధ్య ఆడిస్తాయి. చల్లటి గాలిని తయారు చేసే యంత్రం ఏదీ సీటులో ఉండదు. 1997లో వచ్చిన సాబ్ 9-5 కారుతో ఈ తరహా సీటు మొదలైంది. మన దగ్గర 2017 నాటి హ్యుందాయ్ వెర్నాతో మధ్యతరగతి కార్లలోకి దిగింది. 2019లో మన పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన సెల్టోస్‌తో మన ఊళ్లలో అందరి నోటా నానింది.

అసలైన కూల్డ్ సీటు వేరు. అందులో పెల్టియర్ పలక అనేది ఉంటుంది. కరెంటు పంపితే ఒక పక్క చల్లబడి, ఇంకో పక్క వేడెక్కుతుంది. ఆ చల్లటి పక్క మీదుగా గాలి పంపిస్తారు. ఇది ఖరీదైన కార్లలో దొరుకుతుంది. కాబట్టి సేల్స్ అబ్బాయి "కూల్డ్" అన్నప్పుడు ఒక్క మాట అడగండి: లోపల ఫ్యాన్ మాత్రమేనా, చల్లబరిచే పలక ఉందా అని. బ్రోచర్‌లో "వెంటిలేటెడ్" అని ఉంటే ఫ్యానే అనుకోండి.

ఫ్యానే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. మన ఎండకు అది బాగా పనికొస్తుంది. కారణం మట్టికుండలో నీళ్లు చల్లబడే కారణమే. చెమట ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. సముద్రం ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ, చెమట తొందరగా ఆరదు. మన సీమ గాలి పొడి, ఇక్కడ చెమట ఇట్టే ఆరిపోతుంది. కానీ వీపు లెదరెట్‌కు అతుక్కుని ఉంటే ఆ పొడి గాలి అక్కడికి చేరేదెట్లా? సీటు ఫ్యాన్ చేసే పని అదే. గుత్తి నుంచి అనంతపురం దాకా నడిపి కారు దిగినప్పుడు చొక్కా వీపుకు అంటుకోకుండా ఉంటే, ఆ తేడా ఒంటికే తెలుస్తుంది.

ఒక చిన్న పరీక్ష చెప్తాను, టెస్ట్ డ్రైవ్‌కు పోయినప్పుడు తప్పకుండా చేయండి. టిష్యూ పేపర్‌ను రెండు వేళ్ల వెడల్పు చీల్చి, సీటు ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి, వీపు ఆనే చోట రంధ్రాల మీద ఉంచండి. కాగితం సీటుకు అతుక్కుంటే ఆ ఫ్యాన్ గాలిని లోపలికి పీలుస్తోంది. రెపరెపలాడితే బయటికి ఊదుతోంది. రెండూ పనిచేసే పద్ధతులే. పీల్చే రకంలో ముఖం మీదికి గాలి రాదు కాబట్టి "ఏమీ రావట్లేదే" అని కొందరు అనుకుంటారు. కాగితం కదలకపోతే మాత్రం ఆ సీటు గురించి గట్టిగా అడగాల్సిందే. వీపు దగ్గర ఒకసారి, తొడల కింద ఒకసారి పెట్టి చూడండి. కొన్ని కార్లలో ఒక భాగంలో గాలి బాగా తక్కువగా ఉంటుంది.

ఇంకో సంగతి. ఎండలో గంట సేపు ఆగిన కారులో డ్యాష్‌బోర్డ్ 70 డిగ్రీల దాకా కాలుతుంది. ఆ కారులో కూర్చోగానే సీటు ఫ్యాన్ వేస్తే అది ఆడించేది వేడి గాలినే. ముందు తలుపులన్నీ ఒక నిమిషం తెరవండి. తర్వాత అద్దాలు కొంచెం దించి ఏసీ ఫుల్‌లో పెట్టి కదలండి. లోపలి వేడి బయటికి పోయాక అద్దాలు ఎత్తి, అప్పుడు సీటు ఫ్యాన్ వేయండి. సీటు కన్నా ముందు కొనాల్సింది ముందు అద్దానికి అడ్డం పెట్టే ఎండ తెర.

హీటెడ్ సీటు గురించి ఎక్కువ చెప్పను. సీటు లోపల కరెంటు తీగ వేడెక్కుతుంది, అంతే. మంచు పడే దేశాల్లో అది అవసరం. కడపలో జనవరి తెల్లవారుజామున కూడా స్వెటర్ చాలు. దాని కోసం ఒక్క రూపాయి అదనంగా పెట్టవద్దని నా సలహా. నడుము నొప్పికి కాపడంలా ఉంటుందని కొందరు ఇష్టపడతారు, అది నిజమే. కానీ షుగర్ వల్ల కాళ్లు, తొడలు మొద్దుబారినవాళ్లు ఇంట్లో ఉంటే చాలా జాగ్రత్త. వేడి తెలియక చర్మం కాలే ప్రమాదం ఉంది. అలాంటి కారు ఇంట్లోకి వస్తే పెద్దవాళ్లను ఆ సీట్లో కూర్చోబెట్టినప్పుడు హీటర్ ఆపి ఉందో లేదో మీరే చూడండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

వెంటిలేటెడ్ సీటు సాధారణంగా పై వేరియంట్లతోనే వస్తుంది. అంటే సీటు ఒక్కదానికే కాదు, సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, కెమెరాలు అన్నిటికీ కలిపి కడతారు. అందుకే రెండు వేరియంట్ల ఆన్‌రోడ్ ధరలు పక్కపక్కన రాయించుకుని, మధ్యలో ఉన్న తేడాలో మీకు నిజంగా పనికొచ్చేవి ఎన్ని అని లెక్కేయండి.

కారు రోజూ కర్నూల్లో రాజ్‌విహార్ నుంచి కలెక్టరేట్ దాకా, పిల్లల బడి దాకా తిరిగేదైతే, పది నిమిషాల ప్రయాణానికి సీటు ఫ్యాన్ అంతగా అక్కరకు రాదు. లోపల చల్లబడేసరికే దిగిపోతాం. అలాంటివాళ్లకు క్లాత్ సీట్లున్న వేరియంట్ మేలని నా నమ్మకం. క్లాత్ ఎండకు లెదరెట్ అంత కాలదు, గాలి ఆడుతుంది, చెమట పీల్చుకుంటుంది. లెదరెట్ ఉండి వెంటిలేషన్ లేని వేరియంట్ ఒకటి మధ్యలో ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ మన ఎండకు మూడింటిలో అదే చెత్త ఎంపిక. వారానికి రెండుసార్లు అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాద్ పోయొచ్చేవాళ్లు మాత్రం వెంటిలేటెడ్ తీసుకోవాల్సిందే. ఒక్కో వైపు 200 కిలోమీటర్ల పైనే ప్రయాణం. అక్కడ పెట్టిన డబ్బు వృథా పోదు.

ఇప్పుడు అసలు బాధపెట్టే విషయం. వెంటిలేటెడ్ సీట్ల కారు తీసుకుని, డెలివరీ రోజే షాపుకు పోయి మందపాటి రెక్సిన్ సీటు కవర్లు వేయిస్తారు. రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. అదనంగా కట్టిన డబ్బంతా దాని కింద పడి ఉంటుంది. మా వీధిలోనే రెండు కార్లున్నాయి ఇలా. సీటు మీద మందపాటి తువాలు పరిచినా అంతే. పైగా చాలా కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటు పక్క నుంచే తెరుచుకుంటుంది. దానికి సరిపడా కుట్టని కవరు అడ్డం పడితే ప్రాణానికే ముప్పు. కవరు వేయకుండా ఉంచండి. దుమ్ము పడితే మెత్తటి బ్రష్‌తో, వ్యాక్యూమ్‌తో తీయించండి. మెరుపు కోసం రాసే పాలిష్ మాత్రం ఆ సీట్లకు పూయనివ్వకండి, అది రంధ్రాల్లోకి దిగి గట్టిపడుతుంది.

ఇప్పటికే కారు ఉంది, సీటు ఫ్యాన్ లేదు అనేవాళ్లకు మూడు దారులున్నాయి. సీటు విప్పి, స్పాంజి కోసి ఫ్యాన్లు పెట్టే షాపులున్నాయి. నేను వద్దంటాను. ముందు సీట్లో మనిషి కూర్చున్నాడా లేదా అని గమనించే సెన్సార్, ఎయిర్‌బ్యాగ్ వైర్లు సీటు కిందే ఉంటాయి. అవి చెడితే బెల్టు హెచ్చరిక దగ్గర్నుంచి అన్నీ తప్పుతాయి, వారంటీ దగ్గర కూడా పేచీ వస్తుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే ఫ్యాన్ పరుపు రెండో దారి. పనిచేస్తుంది, కానీ వైరు పెడల్స్ వైపు వేలాడకుండా కట్టేయాలి. మూడోది పాత కాలపు చెక్కపూసల పరుపు. లారీ డ్రైవర్లు ఏళ్లుగా వాడుతున్నారు. పూసల మధ్య ఖాళీలోంచి గాలి ఆడుతుంది, కరెంటు అక్కర్లేదు. జారకుండా గట్టిగా బిగిస్తే, తక్కువ డబ్బులో దాన్ని మించింది లేదు.

బటన్ బయట ఉండాలి

బావకు ఓర్వకల్లు దగ్గర జరిగింది ఎవరికైనా జరగొచ్చు. స్క్రీన్ కూడా ఒక కంప్యూటరే, ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. ఆగినప్పుడు పాట పోతే పోనీ. కానీ ఏసీ వేగం, సీటు గాలి, ముందు అద్దం మంచు తీసే బటన్ కూడా దాంతోపాటు పోతే, 42 డిగ్రీల ఎండలో పిల్లలతో రోడ్డు మీద ఉన్నవాళ్లకు అది చిన్న విషయం కాదు. ఇంకోటి, నడుపుతూ బటన్‌ను చేత్తో తడిమి నొక్కొచ్చు, స్క్రీన్‌ను చూడకుండా నొక్కలేం. కాబట్టి షోరూమ్‌లో కూర్చున్నప్పుడు ఇలా చేయండి: కళ్లు రోడ్డు వైపే పెట్టి, సీటు గాలి తగ్గించి ఏసీ పెంచడానికి ప్రయత్నించండి. చేతికి దొరికితే ఆ కారు మంచిది. దొరక్కపోతే, స్క్రీన్ ఎన్ని అంగుళాలున్నా నేనైతే మొగ్గు చూపను.

అప్‌డేట్: మూడు పద్ధతుల్లో ఏది

స్క్రీన్ ఆగడం, ఫోన్ తెగిపోవడం, రివర్స్ కెమెరా ఆలస్యంగా రావడం, వీటిలో చాలావరకు అప్‌డేట్‌తో పోతాయి. అప్‌డేట్ మూడు రకాలుగా చేయొచ్చు.

మొదటి పద్ధతి ఇంటర్నెట్. కారులోనే సిమ్ ఉంటే అప్‌డేట్ గాలిలోంచే దిగుతుంది, దాన్నే ఓటీఏ అంటారు. మీరు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు, "ఇన్‌స్టాల్" అని అడిగినప్పుడు ఒప్పుకోవడం తప్ప. కర్నూలు, కడప టౌన్లలో సిగ్నల్ బాగుంటుంది కాబట్టి ఇదే సులువు. కొన్ని కార్లలో ఇన్‌స్టాల్ అయ్యేంతసేపు బండి కదలదు. అందుకని రాత్రి ఇంటి దగ్గర పెట్టుకోండి. ఆ సిమ్ మీద నడిచే కనెక్టెడ్ సేవలు సాధారణంగా కొన్నేళ్లు ఉచితం, తర్వాత చందా కట్టాలి. ఎన్నేళ్లో కొనేటప్పుడే అడగండి.

ఇదే పద్ధతిలో, సిమ్ లేకుండా వైఫై మీద తీసుకునే కార్లు కూడా ఉన్నాయి. నాది అలాంటిదే. అనంతపురంలో మా పెద్దమ్మ ఇంటి ముందు మే నెల మధ్యాహ్నం ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి అప్‌డేట్ మొదలుపెట్టాను. ఫోన్ డ్యాష్‌బోర్డ్ మీదుంది. సగం దాటిందనుకునేలోపు ఫోన్ కాలి హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ మొదటికొచ్చింది. మర్నాడు పొద్దున ఆరింటికి, నీడలో, ఫోన్‌ను ఏసీ గాలి తగిలే చోట పెట్టి చేస్తే ఒక్క దెబ్బకు అయిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంటుంది. కొన్ని కార్ల స్క్రీన్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే గుర్తిస్తాయి. మీ ఫోన్ 5లో పంపుతుంటే కారు దాన్ని చూడనే చూడదు. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 2.4 ఎంచుకోండి. ఐఫోన్‌లో అయితే "మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ" ఆన్ చేయండి.

రెండో పద్ధతి పెన్‌డ్రైవ్. సిగ్నల్ సరిగా లేని మండలాల్లో ఉండేవాళ్లకు ఇదే దిక్కు. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్, సంవత్సరం సరిగ్గా చూసి ఫైల్ దింపాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉండాలి, పాటలూ పెళ్లి ఫొటోలూ అందులో ఉండకూడదు. ఫార్మాట్ ఫ్యాట్32 కావాలా ఎక్స్‌ఫ్యాట్ కావాలా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. ఫ్యాట్32లో 4 జీబీ కన్నా పెద్ద ఫైల్ ఒక్కటి కూడా ఎక్కదు, కాపీ మధ్యలో ఆగిందంటే కారణం అదే. జిప్ ఫైల్‌ను విప్పమని సూచనల్లో ఉంటే విప్పి, లోపలి ఫైళ్లను నేరుగా పెన్‌డ్రైవ్‌లో పెట్టాలి. ఇంకో ఫోల్డర్ లోపల పెడితే కారు "అప్‌డేట్ లేదు" అంటుంది. ఛార్జింగ్‌కు మాత్రమే ఉన్న పోర్టులో గుచ్చితే కూడా అదే మాట. డేటా పోర్టు ఏదో గుర్తు చూసి పెట్టండి.

మొదలుపెట్టాక ఇంజిన్ ఆన్‌లో ఉంచమని సూచనల్లో ఉంటే, చివరిదాకా ఆపొద్దు. బ్యాటరీ వోల్టేజి పడిపోతే అప్‌డేట్ మధ్యలో ఆగి, స్క్రీన్ అసలు లేవని స్థితికి రావచ్చు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజి 14 దగ్గర ఉంటుంది, ఆపితే 12.6కు, పాత బ్యాటరీ అయితే ఇంకా కిందికి దిగుతుంది. కానీ మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపి కూర్చోకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని లేవనివ్వదు. బండి బయట నీడలో పెట్టుకోండి.

మూడో పద్ధతి సర్వీస్ సెంటర్. బ్రేకు, కెమెరా సెన్సార్లు, ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి సంబంధించిన అప్‌డేట్ అయితే ఇంట్లో ప్రయత్నించవద్దు, నేరుగా అక్కడికే పోండి. పోయే ముందు సెట్టింగ్స్‌లో ఇప్పుడున్న వెర్షన్ నంబర్ ఫొటో తీసుకోండి, తిరిగొచ్చాక మళ్లీ చూడండి. నాకు ఒకసారి "చేసేశాం సార్" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే నంబర్ మారలేదు. అప్పటినుంచి జాబ్ కార్డులో పాత నంబర్, కొత్త నంబర్ రెండూ రాయించుకుంటున్నాను.

అన్నీ బాగా పనిచేస్తుంటే, వచ్చింది మ్యాప్ అప్‌డేట్ మాత్రమే అయితే, తొందరేమీ లేదు. ఫోన్‌లోని గూగుల్ మ్యాప్స్ తనంతట తాను కొత్తదవుతుంది. కొడికొండ నుంచి ముప్పవరం వైపు వేస్తున్న కొత్త రహదారి లాంటివి కారు సొంత మ్యాప్‌లోకి ఎక్కేదాకా ఆగనక్కర్లేదు. తిరుపతి ప్రయాణం రేపు పెట్టుకుని ఈ రాత్రి అప్‌డేట్ చేయవద్దు. తిరిగొచ్చాక చేయండి. ఒకసారి కొత్త వెర్షన్ ఎక్కాక పాతదానికి పోవడం చాలా కార్లలో కుదరదు.

ఆగిపోతే ఏ వరసలో చూడాలి

స్క్రీన్ బిగుసుకుపోతే ముందు పవర్ బటన్ నొక్కిపట్టండి. కొన్నిటికి సూదితో గుచ్చే చిన్న రీసెట్ రంధ్రం ఉంటుంది. బటన్ నొక్కిపడితే సాధారణంగా సెట్టింగ్స్ పోవు. ఫ్యాక్టరీ రీసెట్ అనేది వేరే, అది కలిపిన ఫోన్లు, దాచుకున్న చిరునామాలు అన్నీ తుడిచేస్తుంది, చివరి ప్రయత్నంగానే వాడండి. ఫోన్‌ను కారు స్క్రీన్ మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో తెగిపోతుంటే కారుకు అప్‌డేట్ వెతికే ముందు కేబుల్ మార్చి చూడండి, చాలాసార్లు దోషం కేబుల్‌దే. తర్వాత ఫోన్‌లో కారునూ, కారులో ఫోన్‌నూ తొలగించి కొత్తగా కలపండి. అప్‌డేట్ నడుస్తూ స్క్రీన్ నల్లగా అయితే టెన్షన్ పడి ఇంజిన్ ఆపేయకండి. మధ్యలో ఒకటి రెండుసార్లు తనే రీస్టార్ట్ అవుతుంది. సూచనల్లో చెప్పిన సమయం దాటాక ఇంకో అరగంట చూసి, అప్పటికీ లేవకపోతేనే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి. బ్యాటరీ తీగ పీకి పెట్టమని పక్కింటివాళ్లు చెప్తారు. అప్‌డేట్ మధ్యలో అది మాత్రం చేయవద్దు.

అప్‌డేట్ తర్వాత సీటు గాలి పనిచేయకపోతే సీటు చెడిందని అనుకోకండి. స్క్రీన్ లోపల ఆ సెట్టింగ్ "ఆఫ్" అయి ఉండొచ్చు. దాన్ని ఆన్ చేసి కాగితం పెట్టి చూడండి. అప్పటికీ కదలకపోతే ఫ్యూజ్, ఆ తర్వాతే ఫ్యాన్.

బావ చివరికి మధ్య వేరియంట్ తీసుకున్నాడు. స్క్రీన్ చిన్నది, గేరు వెనక రెండు సీట్లకూ గాలి బటన్లున్నాయి. డెలివరీ రోజు షాపు అబ్బాయి కవర్ల కేటలాగ్ తెచ్చి పరిచాడు. అక్క వద్దంది. బావ జేబులోంచి టిష్యూ పేపర్ తీసి, చీల్చి, డ్రైవర్ సీటు వీపు మీద పెట్టి బటన్ నొక్కాడు. కాగితం అతుక్కుంది. పక్క సీటుకు కూడా పెట్టి చూసి, అప్పుడు తాళం తీసుకున్నాడు.